నాగలి దాచినది

మొన్న వేసవిలో, దుక్కులు ముగిసి పొలాలు ఎండకు వెల్లకిలా పడుకొని ఉన్న రోజులలో, మా అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. “బాబాయీ, రేపు పొలంలో పైపులైను, వైరు రెండూ కొత్తగా పాతిస్తున్నాను. ట్రాక్టరు వస్తుంది. నువ్వు తప్పక రావాలి, పుస్తకం కూడా తెచ్చుకో” అన్నాడు. పుస్తకం ఎందుకో నాకు తెలుసు. పాఠకులకు కొంచెం ఆగి చెబుతాను.

నరసరావుపేట దాటి పడమరగా పోతే నల్లరేగడి మొదలవుతుంది. ప్రత్తి, మిరప తప్ప మరొక ప్రపంచం లేదన్నట్లు కనుచూపు మేర పరచుకొని ఉంటుంది. ఆ నేలలో గజం గోతిని గడ్డపారతో త్రవ్వడమంటే ఏమిటో త్రవ్వినవాడికే తెలుసు. ఎండితే ఇనుము, తడిస్తే బంక. నా చిన్నతనంలో కాలువ చీల్చాలంటే పదిమంది కూలీలు నాలుగు రోజులు నడుములు విరుచుకొనేవారు. ఆనాడు వచ్చిన ట్రాక్టరుకు వెనుక ఒక పొడవైన ఇనుప దండె, దాని చుట్టూ పళ్ళున్న గొలుసు ఉన్నాయి. రంపపు కోతమిషనును నిలువుగా నేలలోకి దించినట్లు ఊహించుకోండి. ఇంజను వెనుక తిరిగే ఇరుసు, మన రైతులు పీటీవో అంటారే, దాని బలంతో ఆ గొలుసు తిరుగుతూ మట్టిని కొరికి ఇరుప్రక్కలా పోస్తుంది. ట్రాక్టరు నత్తనడక నడుస్తుంది. దాని వెనుక జానెడు వెడల్పున, గోడలు కోసినట్లు నున్నగా ఉన్న కందకం తయారవుతుంది. దీనిని ట్రెంచరు అంటున్నారు. పూట గడవకముందే పని ముగిసింది.

నిలబడి చూస్తుంటే నాకు సీతమ్మవారు జ్ఞాపకం వచ్చారు. నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాడికి ఇంకేమి వస్తుంది! సీత అంటే నాగటి చాలు. జనకుడు యాగభూమిని దున్నుతుండగా చాలులో దొరికిన బిడ్డ కాబట్టి ఆ పేరు. మన వైపు కథలు చెప్పే ముసలమ్మలు ఇంకొక ముక్క చేర్చి, నాగలి కర్రుకు పెట్టె తగిలిందని, పెట్టెలో పాప ఉన్నదని చెప్పేవారు. భాగవతం దశమస్కంధంలో బలరాముడు నాగలితో యమునను తన దగ్గరకు ఈడ్చుకొంటాడు. నీటికి నాగలితో దారి వేయడం అన్న ఆలోచన మన పురాణాలకు కొత్త కాదు. అయితే ఈ రెండు కథలలోనూ నాగలి పని దాచడం కాదు. ఒకచోట దాగినదానిని బయట పెట్టింది, మరొకచోట పారేదానిని మళ్ళించింది. నాగలి చేత ఒక వస్తువును భూమిలో దాయించడం మాత్రం పందొమ్మిదవ శతాబ్దపు ఆలోచన. దాని చరిత్ర నేను ఊహించినదానికన్నా చిత్రమైనది.

అమెరికాలో ఎజ్రా కార్నెల్ అని ఒకాయన ఉండేవాడు. తరువాతి కాలంలో ఆయన పేరు మీద గొప్ప విశ్వవిద్యాలయమే వెలసింది గాని, 1843లో ఆయన కొత్తరకం నాగళ్ళ హక్కులు అమ్ముకుంటూ ఊరూరా తిరిగే మనిషి. అదే ఏడాది మార్చిలో సామ్యూల్ మోర్స్‌కు, వాషింగ్టన్ నుండి బాల్టిమోర్ దాకా సుమారు నలభై మైళ్ళు తంతి వేసి చూపించడానికి అమెరికా చట్టసభ 30,000 డాలర్లు మంజూరు చేసింది. తీగను సీసపు గొట్టంలో పెట్టి నేలలో పాతాలన్నది మోర్స్ ఉద్దేశం. పాతే పనిని గుత్తకు తీసుకొన్న స్మిత్ అనే ఆయనకు ఎలా పాతాలో తోచలేదు. నాగళ్ళు అమ్మడానికి ఆయన ఇంటికి వెళ్ళిన కార్నెల్ అక్కడికక్కడే ఒక బొమ్మ గీశాడట. నాగలి నేలను చీలుస్తుంది, దాని వెనుకనుండి గొట్టం జారి చాలులో పడుతుంది, విడిపోయిన మన్ను మళ్ళీ మీద కప్పుకుంటుంది. త్రవ్వడం, పరచడం, పూడ్చడం మూడూ ఒకే నడకలో. లాగడానికి కంచరగాడిదలు. మా వాడి ట్రాక్టరుకు ఇదే ముత్తాత అనవచ్చు.

ఆ శరత్కాలంలో రైలు మార్గం వెంబడి పని మొదలైంది. నాగలి బ్రహ్మాండంగా పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. గొట్టంలోని తీగలకు చుట్టిన తొడుగు చెడిపోయి విద్యుత్తు ఒక తీగ నుండి మరొక తీగకు, గొట్టానికి జారిపోతున్నదని మైళ్ళ కొద్దీ పాతిన తరువాతగాని తేలలేదు. కూలీలు గడ్డపారలతో త్రవ్వి ఉంటే మొదటి మైలు దగ్గరే పరీక్షించుకొనే తీరిక దొరికి ఉండేదేమో! నాగలి వేగానికి లోపం కూడా మన్ను క్రిందికి వెళ్ళిపోయింది. డబ్బులో ఎక్కువ భాగం ఖర్చయిపోయింది. ఆపమంటే పత్రికలు ఊరుకోవు. మోర్స్ ఒకనాడు కార్నెల్‌ను ప్రక్కకు పిలిచి, పని ఆగాలి, ఎందుకాగిందో మాత్రం ఎవరికీ తెలియకూడదని చెప్పాడు. కార్నెల్‌కు అర్థమైంది. గాడిదలను అదిలించి, మేడి పట్టుకొని, ఎదురుగా కనిపించిన బండరాతి మీదికి నాగలిని నడిపించాడు. అది ముక్కలైంది. ప్రమాదం వల్ల పని ఆగిందని పత్రికలు వ్రాశాయి. ఆ చలికాలమంతా కార్నెల్ వాషింగ్టన్‌లో విద్యుత్తు గురించిన పుస్తకాలు ముందు వేసుకొని కూర్చున్నాడు. చివరకు తంతి స్తంభాలెక్కింది. 1844 మే 24న మొదటి సందేశం వెళ్ళింది స్తంభాల మీది తీగలోనే. తన నాగలిని తానే పగలగొట్టుకొన్న ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. కాని నిజం దాచిపెట్టడానికి పగలగొట్టాడన్నది కూడా మరచిపోలేను.

మన దేశంలో ఈ పని ఓషానెస్సీ అనే వైద్యుడికి దక్కింది. ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టినవాడు, కలకత్తాలో రసాయనశాస్త్రం బోధించినవాడు. 1839లోనే కలకత్తా దగ్గర తీగ కట్టి తంతి ప్రయోగాలు చేశాడు. 1850-51లలో డల్హౌసీ ప్రభుత్వం అనుమతితో కలకత్తా నుండి డైమండ్ హార్బరు దాకా లైను వేసినప్పుడు కొంత భాగాన్ని భూమిలో పాతించాడు. ఆయన వద్ద నాగలి యంత్రం లేదు, ఉన్నది మనుషులు. రాగితీగకు బదులు ఇనుపకడ్డీ తీసుకొని, తారులో నానిన గుడ్డ చుట్టించి, ఇంటి పెంకులను వరుసగా బోర్లించి పరచినట్లు వెల్లకిలా పరిపించి, వాటిలో కడ్డీని ఉంచి, ఇసుకను గుగ్గిలంతో కలిపి కరిగించి పోయించాడు. పెంకులు, గుగ్గిలం, ఇసుక! మన కుమ్మరివాడి దగ్గర, పచారీ కొట్టులో దొరికే సామాను. అయినా తరువాత కలకత్తా నుండి ఆగ్రా, బొంబాయి, మద్రాసులకు వేసిన వేల మైళ్ళ లైను భూమి మీదనే సాగింది. 1855లో ప్రజలకు తెరిచిన తంతి మార్గాలు అవే.

తీగ నేలను విడిచి పైకి లేచిన రోజులలోనే నీరు నేలలోకి దిగసాగింది. ఇంగ్లండులో జాన్ ఫౌలర్ అనే యువకుడు 1849లో ఐర్లండు వెళ్ళి, కరవుతో మాడిపోయిన ఆ దేశంలో నీరు నిలిచి పాడుపడిన భూములను చూశాడు. నీటిని బయటికి నడిపిస్తే భూమి తిండి పెడుతుందన్న ఆలోచన ఆయనను వదలలేదు. ఆయన చేసిన నాగలికి క్రింద తుపాకిగుండు వంటి ఉక్కు మొన ఉంటుంది. దాని మీద నిలువు కత్తి. కత్తి నేలను సన్నగా చీలుస్తుంది, గుండు అడుగున సొరంగం చేసుకొంటూ పోతుంది. దానికి తాడు కట్టి, తాడుకు పూసలదండలా కొయ్యగొట్టాలు గ్రుచ్చి, సొరంగంలోకి ఈడ్పించాడు. 1851లో లండను మహాప్రదర్శనలో జనం దానిని విరగబడి చూశారు. నేలపై సన్నటి గీత తప్ప ఏమీ కనబడదు, అడుగున గొట్టాల వరుస పడి ఉంటుంది. ఇంగ్లీషులో దానిని మోల్ నాగలి అంటారు. మోల్ అనేది భూమిలో సొరంగాలు చేసుకొని బ్రతికే చిన్న జంతువు, మన పొలాలలో లేదు. తెలుగులో పేరు పెట్టమంటే నేను పందికొక్కు నాగలి అంటాను. ఇంగ్లీషువారి ‘బాండికూట్’ మన పందికొక్కే కాబట్టి బదులు తీరిపోతుంది. ఫౌలరు తరువాత ఆవిరి యంత్రంతో నాగలిని లాగించి 1858లో వ్యవసాయ సంఘం వారి 500 పౌన్ల బహుమతి గెలుచుకొన్నాడు. పశువు చేతిలోని నాగలి యంత్రం చేతికి వెళ్ళిన దారిలో అది పెద్ద మలుపు. దాని మొదలు మాత్రం గొట్టం పాతడంలోనే ఉన్నది.

ఇక మన నేలకు వద్దాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. అప్పటికి నేను ప్రాథమిక పాఠశాలలో ఉన్నాను. కుడికాలువ నీరు మా ప్రక్క ఊరికి వచ్చిందని విని పిల్లలమందరం పరుగెత్తుకొని వెళ్ళి, బురదనీటిలో కాళ్ళు పెట్టి గంగాస్నానం చేసినంత సంబరపడ్డాము. జొన్న, కంది తప్ప ఎరుగని రేగళ్ళలో వరి కూడా పండింది. పదేళ్ళు గడిచాయో లేదో, పల్లపు చేలలో నీరు దిగక, తెల్లటి ఉప్పు పొర తేలి, పైరు పసుపెక్కింది. వానకు ఏడ్చిన నేల నీటికి ఏడ్చింది.

ఫౌలరు ఐర్లండులో చూసిన బాధ ఇక్కడ మరో రూపంలో వచ్చిందన్నమాట. దానికి మందు కూడా ఆ జాతిదే. 1990ల చివరలో, డచ్చివారి సహకారంతో నాలుగు రాష్ట్రాలలో సాగిన పరిశోధనలో మన బాపట్ల కేంద్రం కూడా ఉన్నది. సాగర్ కుడికాలువ క్రింద కోనంకిలోను, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరులోను రైతుల పొలాలలోనే చిల్లులున్న గొట్టాలను భూమిలో పాతి, వేళ్ళ దగ్గర నిలిచిన ఉప్పునీటిని బయటికి తీసే ఏర్పాటు చేశారు. సముద్రం కంటే పల్లంగా ఉన్న దేశంలో బ్రతుకుతున్న డచ్చివారికి నీటిని వెళ్ళగొట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. ఊరి పేరులోనే ఉప్పు ఉన్నచోట ఆ పని జరగడం కాకతాళీయమే అయినా, పండితుడినన్న మాట నిలుపుకోవడానికి చెబుతున్నాను, మన పూర్వులు ఊళ్ళకు ఊరికే పేర్లు పెట్టలేదు.

కాలువ అందని మెట్టలలో కథ వేరు. అక్కడ నీరు పైనుండి రాదు, క్రిందినుండి తీయాలి. బావులు ఎండాయి, బోర్లు దిగాయి. వాగుల వెంట ఆయిలు ఇంజన్లు పెట్టి గొట్టాలతో మిరపకు నీరు తోడుకొనే రైతులను పర్చూరు, ఇంకొల్లు ప్రాంతాలలో ఎందరినో చూశాను. 2003 నవంబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మసేద్య పథకం ప్రారంభించాక సబ్సిడీ మీద డ్రిప్పు వచ్చింది. మరుసటి ఏడాది, 2004 మేలో, వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఈ రెండిటితో పల్లెలలో భూమి లోపల ఇంకొక ఊరు కట్టినట్లయింది. మోటారు నుండి ఫిల్టరుకు, ఫిల్టరు నుండి మెయిన్ పైపుకు, అక్కడ నుండి సబ్ మెయినుకు, అన్నీ మన్ను క్రిందే. మొక్కల మొదళ్ళ వెంట పరచే సన్నటి నల్ల గొట్టాలు మాత్రం పైన ఉంటాయి. మిరప కోతలయ్యాక వాటిని చుట్టి ఇంట్లో పెట్టుకుంటారు. ఎలుకలు కొరకకుండా కాపాడుకోవడం వేరే యుద్ధం.

గొట్టం పాతాలంటే అందరి చేతిలోనూ ట్రాక్టరు ఉన్నది. 1960లలో మన దేశంలో తయారు కావడం మొదలైన ఈ యంత్రం మా ఊరికి 1970లలో వచ్చింది. ఒంగోలు ఎడ్ల జతలతో మురిసిపోయే రైతు మొదట దానిని వెక్కిరించాడు, తరువాత అద్దెకు పిలిచాడు, ఆపైన అప్పు చేసి కొన్నాడు. ట్రెంచర్లు రావడానికి ముందు పాతడానికి వాడినది బోదెలు తోలే నాగలి. ఒక సాలు తోలితే జానెడు లోతు గాడి పడుతుంది. గాడిలో పైపో వైరో పడవేసి, తిరుగు దారిలో పలకతో మట్టి నెట్టివేస్తే సరి. ఎకరం పొలానికి అరగంట చాలు.

మా అన్నయ్య కూడా అదే చేశాడు. 2005లో బోరు వేయించాడు. ట్రాన్స్‌ఫార్మరు స్తంభం పొలానికి తూర్పు మూల, బోరు పడమటి గట్టు దగ్గర. మధ్యలో రెండున్నర ఎకరాల చేను. మొదట సర్వీసు వైరును వెదురు కర్రల మీద వ్రేలాడదీశాడు. గాలికి కర్రలు వాలి వైరు మెడ ఎత్తున దిగేది. పొలాలలో అలా వ్రేలాడే తీగలు, నేల మీద పడి ఉన్న తీగలు తగిలి రైతులు ప్రాణాలు పోగొట్టుకొన్న వార్త చదవని వర్షాకాలం మనకు ఉన్నదా? “తమ్ముడూ, దీనితో ఎప్పటికైనా ముప్పే, పాతించేస్తాను” అన్నాడు. మంచి ఆలోచనే. ఒక ఉదయం ట్రాక్టరు వచ్చింది. వైరును పాత నీళ్ళగొట్టంలోకి దూర్చి, గాడిలో వేసి, కప్పేశారు. భోజనాల వేళకు అంతా అయిపోయింది.

ఆ మధ్యాహ్నం వేపచెట్టు క్రింద చద్ది తింటూ అన్నయ్య నాతో, “నువ్వు చదువుకున్నవాడివి. ఈ లైను ఎక్కడ నుండి ఎక్కడికి పోయిందో కాగితం మీద గీసి పెట్టరాదూ, పాస్‌బుక్కులో పెట్టుకుంటాను” అన్నాడు. నేను నవ్వి, “నీ పొలం నీకు తెలియదా, దానికి కాగితమెందుకు?” అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. మనుచరిత్ర పద్యాలకు ప్రతిపదార్థాలు నోటు పుస్తకాల నిండా వ్రాయించిన వాడిని. నాలుగు గీతలు గీయడం నాకు చిన్నపనిగా తోచింది.

2014లో అన్నయ్య పోయాడు. పిల్లవాడు అప్పటికి ఉద్యోగం మీద హైదరాబాదులో ఉండేవాడు. పొలం కౌలుకు ఇచ్చాము. కౌలుదారు నెమ్మదస్థుడు, ప్రక్క ఊరివాడు, భూమి లేనివాడు. రెండేళ్ళు తిరిగాక ఒక వేసవిలో చేనును లోతు దుక్కి దున్నించాడు. ప్రత్తి తరువాత అలా దున్నడం మంచిదని అందరూ చెప్పేదే. ఆ సమయానికి కరెంటు లేదు. నాగలికి వైరు తగిలింది, తెగింది, ఎవరికీ తెలియలేదు. వేరు తెగిందనుకొని ఉంటారు.

జూనులో రెండు వానలు పడ్డాయి. త్రీఫేజు కరెంటు రాత్రి వచ్చే రోజులు. బోరు దగ్గర స్టార్టరు నొక్కితే మోటారు పలకలేదు. ఫ్యూజు పోయిందేమో, తెల్లవారి చూద్దామని అతడు ఇంటికి పోయాడు. స్తంభం వైపు నుండి తెగిన చోటు దాకా వైరులో కరెంటు ఉన్నది. తడిసిన రేగడి అంతటా అది ప్రాకింది. తెల్లవారుజామున అతడి గేదె గట్టు దిగి చేలోకి నడిచింది. ఇలా నేలలోకి కరెంటు దిగినచోట తీగకు దగ్గర ఒక రకం ఒత్తిడి, దూరం పోయేకొద్దీ తక్కువ ఒత్తిడి ఉంటుంది. పశువు ముందుకాళ్ళకు వెనుకకాళ్ళకు మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఆ తేడా అంతా గుండె మీదుగా ప్రవహిస్తుంది. మనిషి అడుగు చిన్నది. గేదె పడిపోవడం చూసి పరుగెత్తిన అతడికి కాళ్ళు జివ్వుమన్నాయి, వెనుకకు పడ్డాడు. వెనుకకు పడ్డాడు కనుక బ్రతికాడు.

మేము గేదె ఖరీదు ఇచ్చాము. ఇవ్వకపోతే మనుషులము కాము. అతడు డబ్బు లెక్కపెట్టుకోలేదు. నా ముఖం వైపు చూసి ఒకే మాట అడిగాడు. “మాస్టారూ, అక్కడ వైరు ఉందని మీకు తెలుసునా అండీ?” 

తెలుసునని చెప్పాను.

ఆ తరువాతనే నేను ఈ కార్నెళ్ళు, ఫౌలర్లు, ఓషానెస్సీల చరిత్ర వెదకడం మొదలుపెట్టాను. తప్పు లోతుదా, కాగితానిదా తేల్చుకోవాలనిపించింది. రెండూ అని తేలింది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి నియమం ప్రకారం ఇటువంటి తక్కువ వోల్టేజి కేబులును కనీసం 75 సెంటీమీటర్ల లోతున పాతాలి. అంటే మూరన్నరకు కొంచెం ఎక్కువ. అడుగున ఇసుక పరచాలి, మీద ఇటుకలు పేర్చాలి. టెలిఫోను శాఖవారు ఫైబరు తీగను 165 సెంటీమీటర్ల లోతున, దాదాపు నిలువెడు గోతిలో పాతేవారు. పాతి ఊరుకోకుండా దారి పొడవునా గుర్తురాళ్ళు నాటేవారు. మామూలు నాగలి జానెడు దిగుతుంది, లోతు దుక్కి నాగలి ఇంకా దిగుతుంది, గట్టిపడిన అడుగుపొరను పగలగొట్టే సబ్ సాయిలరు మూరెడు దాటుతుంది. మా అన్నయ్య వైరు జానెడు లోతున ఉన్నది. నాగలితో పాతిన వస్తువు నాగలికి అందేంత లోతులోనే ఉంటుందన్న చిన్న విషయం ఆనాడు అక్కడ ఉన్న మా ఎవరికీ తట్టలేదు.

రేగడి సంగతి కూడా ఒకటి ఉన్నది. ఈ మట్టిలోని బంకరేణువులు నీరు త్రాగి ఉబ్బుతాయి, ఎండి ముడుచుకుంటాయి. వైశాఖంలో కాలు దిగబడేంత నెర్రెలు వస్తాయి, శ్రావణానికి పూడుకుంటాయి. ఏటేటా ఊపిరి పీల్చి వదిలే జంతువు వంటిది ఈ నేల. నెర్రెలు లోతుగా దిగుతాయి గాని, పైపొరలోనే కదలిక ఎక్కువ. జానెడు లోతులో పాతిన గొట్టం అతుకులు అందుకే ఊడుతుంటాయి. ఇసుకనేలల రైతు చేసే పనిని రేగడి రైతు అలాగే చేస్తే చెల్లదు.

ఇంకొక చోద్యం. మన రాష్ట్రంలో ఊరూరికీ ఇంటర్‌నెట్ ఇచ్చే ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆ తీగలను భూమిలో పాతలేదు. ఉన్న కరెంటు స్తంభాల మీదనే కట్టుకుంటూ పోయారు. ఖర్చు, కాలం కలసివస్తాయన్నది లెక్క. తుఫాను వస్తే తెగుతుంది, కాని తెగిన చోటు కళ్ళకు కనబడుతుంది. 1843లో కార్నెల్ రాతిని గుద్ది నేర్చుకొన్న పాఠమే ఇదీ అనుకొన్నాను. అలాగని పొలం మధ్య తీగలు వ్రేలాడదీయమని నేను అనను. మిరపతోటలో మందు కొట్టే మనిషి తడిచేతులతో తిరుగుతాడు. అక్కడ పాతడమే సరి.

మొన్నటి రోజుకు వస్తాను. ఉద్యోగం మానుకొని పొలానికి తిరిగివచ్చిన మా వాడు ఈసారి పైన ఇనుప తొడుగున్న కేబులు తెచ్చాడు. ట్రెంచరువాడు రెండడుగులు చాలన్నాడు. టేపు పెట్టి చూస్తే నిజానికి అదీ లేదు, అడుగున్నరకు కొంచెం ఎక్కువ. మా వాడు ఒప్పుకోలేదు. ఇంకొకసారి దండె దించి తోలమన్నాడు. గంట అద్దె ఎక్కువవుతుందని ట్రాక్టరువాడు గొణిగాడు, తోలాడు. వెనుకనే నడుస్తూ ఇద్దరు కూలీలు అడుగున ఇసుక పోశారు. కేబులు పరచాక వెంటనే పూడ్చలేదు. కరెంటు మేస్త్రీ వచ్చి మీటరు పెట్టి రెండు కొసలూ పరీక్షించిన తరువాతనే ఇటుకలు పేర్చి మన్ను లాగారు. పైపు వేరే గాడిలో, నీరు వదిలి అతుకులన్నీ చూసి, ఆ తరువాత.

ఆ పాత కౌలుదారు కూడా వచ్చాడు. ఇప్పుడు ప్రక్క చేను చేస్తున్నాడు. పిలిచింది మా వాడే.

మా వాడు ఫోనులో ఉపగ్రహపు పటం తెరిచి మలుపు మలుపునా గుర్తు పెట్టుకొన్నాడు. నేను పుస్తకం తీశాను. స్కేలు పెట్టి గట్లు గీశాను, స్తంభం, బోరు గుర్తించాను. తేదీ వేసి, లోతు వ్రాసి, “వేపచెట్టు మొదలు నుండి పడమరగా పదునాలుగు బారలు, అక్కడ నుండి దక్షిణానికి మలుపు” అని పైకి చదువుతూ వ్రాశాను. కౌలుదారు నా భుజం మీదుగా చూస్తూ, “బాగానే ఉందండీ మాస్టారూ, మరి వేపచెట్టు కొట్టేస్తేనో?” అన్నాడు.

ఊరి చివర పాత కట్టడం కూల్చిన చోట నాపరాళ్ళు పడి ఉన్నాయి. ట్రాక్టరు ఇంకా అక్కడే ఉన్నది కాబట్టి ట్రక్కు తగిలించుకొని వెళ్ళి ఆరు రాళ్ళు తెచ్చాము. మలుపులు రెండింటి దగ్గర రెండు, మిగిలినవి గట్ల వెంట. ఎర్ర రంగు డబ్బా తీసుకొని, వాటి మీద అక్షరాలు నేనే వ్రాశాను. ఆరవ రాయి వ్రాసేసరికి ప్రొద్దు గుంకింది.